కొడుకుల్లేక కొన్ని, కొడుకులెక్కువై కొన్ని: ఆర్గావ్ ప్రభు వంశాల కథ

స్విట్జర్లాండ్ ఉత్తర భాగంలో ఆరె, రాయిస్, లిమ్మత్ అనే మూడు నదులు దాదాపు ఒకే చోట కలుస్తాయి. జర్మన్ మాట్లాడే ఆ ప్రాంతం పేరు ఆర్గావ్. అక్కడ హాబ్స్‌బర్గ్ కోట నుంచి పొద్దున్నే నడక మొదలుపెడితే సాయంత్రంలోపు విల్డెగ్, లెంట్స్‌బుర్గ్, హాల్విల్ కోటలు మూడూ చూసేయొచ్చు. ఈ నాలుగింటిలో హాబ్స్‌బర్గ్, లెంట్స్‌బుర్గ్ పెద్ద కౌంట్ వంశాలవి. కౌంట్ అంటే రాజు కింద ఒక ప్రాంతాన్ని ఏలే ప్రభువు. హాల్విల్ వాళ్లు ఆ పెద్దల కొలువులో పనిచేసిన కుటుంబం. విల్డెగ్‌ను చివరికి దక్కించుకున్న ఎఫింగర్లు పక్కనే ఉన్న బ్రుగ్ అనే చిన్న పట్టణం నుంచి ఎదిగినవాళ్లు.

లెంట్స్‌బుర్గ్ కౌంట్ల వంశం 1173లోనే అంతరించింది. హాబ్స్‌బర్గ్‌లు యూరప్‌లోకెల్లా పెద్ద రాజవంశమయ్యారు గానీ పుట్టిన గడ్డను 1415లో పోగొట్టుకున్నారు. ఎఫింగర్లు మాత్రం 1912 వరకూ విల్డెగ్‌లోనే ఉన్నారు. హాల్విల్ కుటుంబం పన్నెండో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా తన కోటను వదల్లేదు. యజమానులు పోయి, కొలువు చేసినవాళ్లు ఇన్ని తరాలు ఎలా నిలబడ్డారన్నది ఈ ప్రాంత చరిత్రలో అసలు ప్రశ్న.

స్విస్ బడిపిల్లలు తరతరాలుగా విన్న జవాబు ఒకటుంది. స్వేచ్ఛ కోసం లేచిన రైతులు ప్రభువులను తరిమేశారని. 1386 జులై 9న సెంపాఖ్ దగ్గర స్విస్ సేనలు ఆస్ట్రియా డ్యూక్ మూడో లియోపోల్డ్‌ను, ఆయనతో పాటు పెద్ద సంఖ్యలో నైట్లను చంపిన మాట నిజమే. కానీ తారీఖులు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వాదన నిలబడదు. లెంట్స్‌బుర్గ్ వంశం 1173లో, త్సేరింగెన్ వంశం 1218లో, కీబుర్గ్ వంశం 1264లో ముగిశాయి. రాపర్స్‌విల్ పురుష సంతతి 1283లో ఆగిపోయింది. ఫ్రోబుర్గ్ కౌంట్లలో చివరివాడు 1367లో, నీడావ్ కౌంట్లలో చివరివాడు 1375లో చనిపోయారు. సెంపాఖ్ యుద్ధం జరిగే నాటికే పెద్ద ఇళ్లలో చాలా వాటికి తలుపులు మూసుకుపోయాయి. రైతులు వచ్చి ఓడించాల్సినంతమంది కౌంట్లు అప్పటికి అక్కడ మిగల్లేదు.

వాళ్ల పెత్తనం ఎలా మొదలైందో చెప్పే రాత ఒకటి మిగిలింది. హాబ్స్‌బర్గ్ వాళ్లే 1027లో కట్టించిన మూరి మఠంలో ఒక సన్యాసి 1160 ప్రాంతంలో మఠం చరిత్ర రాశాడు. దాతల గురించి రాస్తున్నాననే మొహమాటం అందులో ఎక్కడా లేదు. వోలెన్ అనే ఊళ్లో స్వతంత్ర రైతులుండేవాళ్లట. గుంత్రమ్ అనే బలవంతుడు మంచివాడని, దయ గలవాడని నమ్మి, న్యాయమైన శిస్తు కడతామని ఒప్పుకుని తమ భూములు ఆయన రక్షణలో పెట్టారు. కొన్నాళ్లకు ఆయన వాళ్ల చేత వెట్టి చేయించుకోవడం మొదలుపెట్టాడు. తన పొలంలో కోతలు కోయమన్నాడు, గడ్డి ఎండబెట్టమన్నాడు. రాజు జోలోటుర్న్ కోటకు వచ్చినప్పుడు రైతులు మొర పెట్టుకోవడానికి వెళ్లారు. అక్కడ ప్రభువుల గుంపు తోసుకుంటోంది. వీళ్లకేమో సరిగ్గా మాట్లాడటం రాలేదు. మొర రాజు చెవికి చేరనే లేదు. అదే పుస్తకం మూరి స్థలాన్ని కూడా కౌంట్ రాడ్‌బోట్ అన్యాయంగానే సంపాదించాడని, ఆ సంగతి తెలిసి బాధపడిన ఆయన భార్య ఈడా పాప పరిహారంగా మఠం కట్టించమని పట్టుబట్టిందని చెబుతుంది. రక్షణ పేరుతో మొదలై వెట్టితో స్థిరపడిన ఈ పెత్తనం తర్వాత ఎన్ని ముద్రలు, ఎన్ని వంశవృక్షాలు తగిలించుకున్నా, దాని అడుగున వోలెన్ రైతుల పొలాలున్నాయి.

ఆ పెత్తనాన్ని తర్వాతి తరానికి అందించడంలోనే చిక్కంతా వచ్చింది. పెద్దకొడుకుకే అంతా దక్కాలనే కట్టుబాటు జర్మన్ ప్రాంతాల్లో అప్పటికి గట్టిపడలేదు. కొడుకులందరికీ వాటా ఉంది. నలుగురు కొడుకులుండి నలుగురికీ పంచితే రెండు తరాల్లో కౌంట్ కాస్తా మామూలు భూస్వామి అవుతాడు. పంచకుండా ఒక్కడినే వారసుణ్ణి చేసి మిగతావాళ్లను చర్చి కొలువుల్లోకి పంపితే, ఆ ఒక్కడూ జ్వరంతోనో యుద్ధంలోనో పోయినప్పుడు వంశమే ఆగిపోతుంది. దత్తత తీసుకుని జాగీరు నిలబెట్టుకునే దారి అక్కడ లేదు. పసిపిల్లల్లో ఎంతమంది బతికి బట్టకడతారో తెలియని రోజుల్లో ప్రతి తండ్రీ ఈ లెక్క వేసుకోవలసిందే, ఎటు వేసినా ఒక ప్రమాదం తప్పదు.

దీనికి తోడు ఆస్తిలో రెండు రకాలున్నాయి. ఒకటి వంశానికి సొంతమైన భూమి, అది కూతురి ద్వారా అల్లుడికి పోవచ్చు. రెండోది రాజో పెద్ద ప్రభువో ఇచ్చిన జాగీరు. మగ వారసుడు లేకపోతే అది మామూలుగా ఇచ్చినవాడికే తిరిగి వెళుతుంది, ఆయన దాన్ని నచ్చినవాడికి ఇచ్చుకుంటాడు. కాబట్టి ఒక కౌంట్ కొడుకు లేకుండా పోయాడంటే అల్లుళ్లు, మేనల్లుళ్లు, మఠాధిపతులు, రాజు అందరూ ఒకేసారి గుమ్మంలో దిగేవాళ్లు.

లెంట్స్‌బుర్గ్ విషయంలో స్వయంగా చక్రవర్తే దిగాడు. చివరి కౌంట్ నాలుగో ఉల్రిక్, చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోస్సాకు ఆప్తుడు. ఆస్తిని ఆయన పేరునే రాశాడు. 1173లో బార్బరోస్సా లెంట్స్‌బుర్గ్ కోటకు వచ్చి పంపకాలు చేశాడు. పెద్ద భాగం తన కొడుకు ఓటోకు ఇచ్చాడు. కొన్ని హక్కులు హాబ్స్‌బర్గ్‌లకు దక్కాయి. లెంట్స్‌బుర్గ్ ఆడపడుచును పెళ్లి చేసుకున్న కీబుర్గ్ కౌంట్‌కు బాడెన్ వైపు ఆస్తి వచ్చింది. రెండు వంశాల దశ తిరగడానికి మూడో వంశం ఆగిపోవడం చాలింది.

1218 ఫిబ్రవరిలో త్సేరింగెన్ డ్యూక్ ఐదో బెర్టోల్డ్ వారసుల్లేకుండా పోయినప్పుడు ఇంకా పెద్ద ఖాళీ ఏర్పడింది. ఫ్రైబుర్గ్, బెర్న్ లాంటి పట్టణాలను స్థాపించిన వంశం అది. ఆయన సొంత భూములు ఇద్దరు అక్కచెల్లెళ్ల అత్తవారిళ్లకు పోయాయి. ఆ ఇద్దరిలో ఆన్నా కీబుర్గ్ ఇంటి కోడలు కావడంతో బుర్గ్‌డోర్ఫ్, థూన్ ఆ ఇంటికి చేరాయి. బెర్న్, జ్యూరిచ్ మీది హక్కులు మాత్రం రాజుకు తిరిగి వెళ్లాయి. రాజు ఎక్కడో దూరాన ఉంటాడు, దగ్గర్లో పెత్తనం చేసే ప్రభువు లేడు. ఆ రెండు పట్టణాలు తమ వ్యవహారం తామే చూసుకోవడం నేర్చుకున్నాయి. తర్వాతి 200 ఏళ్లలో ప్రభు వంశాలను ఒక్కొక్కటిగా కొనేసింది, మింగేసింది ఎక్కువగా ఈ రెండు పట్టణాలే. ఒక డ్యూక్‌కు కొడుకు లేకపోవడం ఇంత దూరం తీసుకెళ్లింది.

అదే 1218లో పుట్టినవాడు హాబ్స్‌బర్గ్ రుడాల్ఫ్. ఆయన తల్లి హైల్‌విగ్ కీబుర్గ్ ఆడపడుచు. అప్పటికి కీబుర్గ్ కౌంట్లు ఇద్దరు, ఇద్దరి పేరూ హార్ట్‌మనే. 1263లో చిన్న హార్ట్‌మన్ ఒక్క కూతురిని వదిలి చనిపోయాడు. మరుసటి ఏడాది నవంబర్‌లో పిల్లల్లేని పెద్ద హార్ట్‌మన్ కూడా పోవడంతో కీబుర్గ్ ఆస్తికి మగ దిక్కు లేకుండా పోయింది. మేనల్లుడు రుడాల్ఫ్ ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. పెద్ద హార్ట్‌మన్ విధవ మార్గరెట్ సవోయ్ ఇంటి ఆడపడుచు. ఆమెకు రావలసింది ఇవ్వకుండా పట్టుబట్టి సవోయ్ వాళ్లతో యుద్ధానికే దిగాడు. చిన్న హార్ట్‌మన్ కూతురు ఆన్నాను తన దాయాది, లౌఫెన్‌బుర్గ్ శాఖకు చెందిన ఎబర్‌హార్డ్‌కు ఇచ్చి 1273లో పెళ్లి చేయించాడు. ఆ పెళ్లి ఒప్పందంలో ఆర్గావ్‌లోని ఆమె ఆస్తి చాలా వరకు కొనేశాడు. నాలుగేళ్ల తర్వాత ఊఖ్ట్‌లాండ్‌లోని ఫ్రైబుర్గ్ పట్టణాన్ని 3,040 మార్కుల వెండికి తీసుకున్నాడు. దీన్ని అదృష్టమని కొట్టిపారేయలేం. మేనమామ ఆస్తి మీద కన్నేసి, డబ్బు, కత్తి, పెళ్లి మూడూ ఒకేసారి వాడిన మనిషి ఆయన. 1273 అక్టోబర్‌లో ఆయన్ని జర్మన్ రాజుగా ఎన్నుకున్నారు. పట్టాభిషేకం రోజునే ఇద్దరు కూతుళ్లను బవేరియా, సాక్సనీ ప్రభువులకిచ్చి పెళ్లి చేశాడు. 1278లో బొహీమియా రాజు ఒటొకర్‌ను ఓడించాక, 1282లో ఆస్ట్రియాను కొడుకులకు కట్టబెట్టాడు. ఆ తర్వాత ఈ వంశానికి ఆర్గావ్ వెనకటి ఊరు అయిపోయింది. నిజానికి వంశానికి పేరిచ్చిన ఆ చిన్న కోటను వాళ్లు రుడాల్ఫ్ ఎదిగి వచ్చే నాటికే వదిలేసి, కొలువు నైట్లకు అప్పగించారు.

కొడుకులు ఎక్కువైన ఇళ్లలో కథ మరోలా నడిచింది. తూర్పున టొగ్గెన్‌బుర్గ్ కౌంట్ డీట్‌హెల్మ్‌కు ఇద్దరు కొడుకులు. వాటాల తగాదాలో పెద్దవాడు 1226లో తమ్ముడు ఫ్రెడరిక్‌ను తన కోటలోనే చంపించాడు. కడుపు మండిన తల్లిదండ్రులు విల్ పట్టణాన్ని, వంశం పేరుతో ఉన్న పాత టొగ్గెన్‌బుర్గ్ కోటను సెయింట్ గాలెన్ మఠానికి ఇచ్చేశారు. ఆ ఇంటికీ మఠానికీ దశాబ్దాల పాటు సాగిన వైరానికి విత్తనం అక్కడ పడింది.

పైన చెప్పిన ఆన్నా, ఎబర్‌హార్డ్‌ల సంతతిని కొత్త కీబుర్గ్ శాఖ అంటారు. ఆస్తి చీలకూడదని ఆ ఇంట్లో అన్న హార్ట్‌మన్‌ను వారసుణ్ణి చేసి, తమ్ముడు ఎబర్‌హార్డ్‌ను చర్చి చదువుకు ఇటలీలోని బొలోన్యాకు పంపారు. తమ్ముడికి ఆ ఏర్పాటు నచ్చలేదు, తిరిగొచ్చి వాటా అడిగాడు. హాబ్స్‌బర్గ్ డ్యూక్ మధ్యవర్తిత్వం చేశాడు గానీ సర్దుకోలేదు. 1322 అక్టోబర్ 31న థూన్ కోటలో గొడవ ముదిరి అన్న హత్యకు గురయ్యాడు. తమ్ముడికి ఆస్తి మొత్తం వచ్చింది, దాంతో పాటు శత్రువులూ వచ్చారు. తనను కాపాడే అండ కోసం మరుసటి ఏడాది థూన్‌ను బెర్న్ నగరానికి అమ్మి, మళ్లీ దాన్నే జాగీరుగా తీసుకున్నాడు. యజమాని కౌలుదారుగా మారాడన్నమాట. ఆ ఇంటి మీద అప్పులు పేరుకుంటూనే పోయాయి. 1382లో మనవడు రుడాల్ఫ్ రాత్రికి రాత్రి జోలోటుర్న్ పట్టణాన్ని పట్టుకుని గట్టెక్కాలని చూసి దెబ్బతిన్నాడు. బెర్న్ సేనలు బుర్గ్‌డోర్ఫ్‌ను ముట్టడించాయి. అయినా ఆ పట్టణం చేతులు మారింది డబ్బుతోనే. 1384లో బుర్గ్‌డోర్ఫ్, థూన్ రెండూ కలిపి 37,800 గిల్డర్లకు బెర్న్ వశమయ్యాయి.

ఇక్కడ అప్పు గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే యుద్ధాల కథల్లో దానికి చోటు దొరకదు. హాబ్స్‌బర్గ్‌లు 1303 తర్వాత కొన్నేళ్ల పాటు ఫ్రిక్ ఊరి బుర్క్‌హార్డ్ అనే గుమస్తా చేత ఊరూరా తమకు రావలసిన ఆదాయాన్ని రాయించారు. ఏ ఊరి నుంచి ఎన్ని కొలతల ధాన్యం, ఎన్ని పందులు, ఎంత నగదు, ఏ ఊళ్లో దొంగలను విచారించే హక్కు ఎవరిది అనే వివరాలన్నీ అందులో ఉన్నాయి. కాగితం మీద అది ఘనమైన ఆదాయం. కానీ యుద్ధానికి నైట్లను పిలిస్తే వెంటనే నగదు కావాలి, నగదు చేతిలో ఉండదు. అందుకని ఆ ఊళ్లనే నైట్లకు స్వాధీన తాకట్టు పెట్టేవాళ్లు. అసలు తీర్చేవరకూ ఆ ఊరి శిస్తు తాకట్టు పట్టినవాడు అనుభవిస్తాడు. అసలు తీరేది చాలా అరుదు. ఇలా తరం తర్వాత తరం డ్యూక్ చేతిలో బిరుదు మిగిలింది, ఊళ్లు కొలువు కుటుంబాల చేతికి జారాయి. హాల్విల్ లాంటివాళ్లు బలపడిన అసలు దారి ఇదే.

ఈ కొలువు నైట్లది పుట్టుకతో వింత స్థానం. మొదట్లో చట్టం ప్రకారం వాళ్లు స్వతంత్రులు కారు, ప్రభువు సొత్తు కింద లెక్క. కానీ గుర్రం మీద యుద్ధం చేస్తారు, కోటలు కాస్తారు, వంటశాల, మధుశాల, గుర్రపుశాల, ఖజానా చూసే పదవుల్లో ఉంటారు. హాల్విల్ పేరు రాతల్లో మొదట కనిపించేది 1167లో. వందేళ్లు తిరిగేసరికి ఈ వర్గం వాళ్లకూ, చితికిపోయిన స్వతంత్ర ప్రభువులకూ తేడా చెరిగిపోయింది. వాళ్లలో వాళ్లు సంబంధాలు కలుపుకున్నారు. ఒక్క ప్రభువునే పట్టుకుని వేలాడకుండా, ఎవరు బలపడితే వాళ్లతో సర్దుకుపోగలగడం వాళ్లకు కలిసొచ్చింది. కౌంట్‌కు ఆ వీలు లేదు. తనకు పైన రాజు తప్ప ఎవరూ లేరన్నదే ఆయన హోదా.

1415లో ఇది తేటతెల్లమైంది. ఆ ఏడాది మార్చిలో కాన్‌స్టాన్స్ మతసభ నుంచి పోప్ ఇరవై మూడో జాన్ పారిపోయాడు. ఆయనకు సాయం చేసినవాడు హాబ్స్‌బర్గ్ డ్యూక్ నాలుగో ఫ్రెడరిక్. కోపించిన రాజు సిగిస్మండ్ డ్యూక్‌ను వెలివేసి, ఆయన భూములు పట్టుకొమ్మని చుట్టుపక్కలవాళ్లకు పిలుపునిచ్చాడు. బెర్న్ ఇలాంటి అవకాశం కోసమే ఎదురుచూస్తోంది. ట్సోఫింగెన్, ఆరావ్, లెంట్స్‌బుర్గ్, బ్రుగ్ కొద్ది వారాల్లోనే లొంగిపోయాయి. బాడెన్ కోట మేలో పడిపోయింది. అక్కడ భద్రపరిచిన హాబ్స్‌బర్గ్ దస్తావేజులను స్విస్‌వాళ్లు ల్యూసెర్న్‌కు తరలించారు. పత్రాలు చేతిలో ఉంటే హక్కు రుజువు చేసుకోవచ్చని వాళ్లకు బాగా తెలుసు. హాల్విల్ కోటను బెర్న్ సైనికులు తగలబెట్టారు. కానీ ఆ కుటుంబం బెర్న్‌ను కొత్త ప్రభువుగా ఒప్పుకుని, కోట మళ్లీ కట్టుకుని, ఊళ్ల మీద తన చిన్న కోర్టులు, శిస్తు హక్కులు నిలబెట్టుకుంది. నగరానికీ ఇది లాభసాటి ఏర్పాటే. ఆ ఊళ్లన్నీ నేరుగా నడిపేందుకు బెర్న్ దగ్గర అంత మంది ఉద్యోగులు లేరు.

టొగ్గెన్‌బుర్గ్‌లో చివరి కౌంట్ ఏడో ఫ్రెడరిక్ ఇంకా ప్రమాదకరమైన ఆట ఆడాడు. పిల్లల్లేరు. స్విస్ కూటమిలోనే ఉన్న జ్యూరిచ్‌తో ఒక ఒప్పందం, ష్వీట్స్‌తో మరో ఒప్పందం చేసుకుని, తన తర్వాత ఆస్తి తమకే వస్తుందనే ఆశ ఇద్దరిలోనూ పెంచాడు. వీలునామా రాయకుండానే 1436 ఏప్రిల్ 30న చనిపోయాడు. ఆ ఆస్తి కోసం మొదలైన గొడవ పాత జ్యూరిచ్ యుద్ధంగా మారి, పదేళ్లకు పైగా స్విస్‌వాళ్లు స్విస్‌వాళ్లనే చంపుకున్నారు. 1444 మేలో గ్రైఫెన్‌జే కోట లొంగిపోయాక అందులోని 62 మందిని తలలు నరికి చంపారు. చివరికి టొగ్గెన్‌బుర్గ్ ఎవరికి పోయింది? యుద్ధం చేసిన ఇద్దరికీ కాదు. ముందు రారోన్ వంశానికి చేరి, వాళ్ల దగ్గర్నుంచి 1468లో 14,500 గిల్డర్లకు సెయింట్ గాలెన్ మఠానికి అమ్ముడుపోయింది.

బెర్న్ కింద మిగిలిన ప్రభు కుటుంబాలు ఊళ్లలో ప్రభువులు, నగరంలో కౌన్సిల్ సభ్యులు. ఈ రెండు పాత్రలూ 1470లో ఢీకొన్నాయి. కసాయి వృత్తికి చెందిన పీటర్ కిస్ట్‌లర్ నగర అధ్యక్షుడయ్యాడు. ప్రభువుల ఊళ్లలో పై అధికారం నగరానిదే అని పట్టుబట్టాడు. అదే సమయంలో దుస్తుల మీద ఆంక్షలు వచ్చాయి. ముందు భాగం పొడుగ్గా మొనదేలిన బూట్లు, నేల మీద ఈడ్చుకుపోయే గౌను అంచులు ప్రభు కుటుంబాలకు హోదా గుర్తులు. అవి వేసుకోకూడదన్నారు. బూబెన్‌బెర్గ్, ఎర్లాఖ్, డీస్‌బాఖ్ లాంటి ఇళ్లవాళ్లు భార్యలతో సహా సరిగ్గా అవే వేసుకుని పెద్ద చర్చిలో ప్రార్థనకు వచ్చారు. జరిమానా పడింది, నెల రోజుల నగర బహిష్కరణ పడింది. మారు మాట్లాడకుండా ఊరు విడిచి తమ కోటలకు వెళ్లిపోయారు. వాళ్లు లేని నగరానికి పొరుగు రాజ్యాలతో మాట్లాడే అనుభవజ్ఞులు కరువయ్యారు. 1471లో రాజీ కుదిరింది. ముఖ్యమైన హక్కులు నగరానికి, ఊరి కోర్టులు ప్రభువులకు. బట్టల గొడవలా కనిపించే దీని వెనుక, ఊళ్లో సైన్యాన్ని ఎవరు పిలవాలి, తప్పు చేసినవాణ్ణి ఎవరు శిక్షించాలి అన్న గట్టి ప్రశ్నలున్నాయి.

ఐదేళ్లకే, 1476 జూన్‌లో, బర్గండీ డ్యూక్ చార్లెస్ ముర్టెన్ పట్టణాన్ని ముట్టడించినప్పుడు లోపల నిలబడి కాపాడింది ఇదే బూబెన్‌బెర్గ్ ఇంటి ఏడ్రియన్ ఫాన్ బూబెన్‌బెర్గ్. సాయంగా వచ్చిన స్విస్ సేన ముందు వరసను నడిపింది హాన్స్ ఫాన్ హాల్విల్. రైతుల గణతంత్రం అని పేరుపడ్డ దేశానికి అతి పెద్ద విజయాల్లో ఒకటి ప్రభు కుటుంబీకుల నాయకత్వంలో వచ్చింది. బూబెన్‌బెర్గ్ వంశం 1506లో అంతరించింది, పాత కారణం చేతనే.

ఖాళీ అయిన చోట్లలోకి కొత్తవాళ్లు వచ్చారు. డీస్‌బాఖ్‌లు వ్యాపారం చేసి డబ్బు కూడబెట్టి, కోటలు కొని, ప్రభువులైనవాళ్లే. కాస్పర్ ఎఫింగర్ 1483లో విల్డెగ్‌ను కొన్నాడు. పదహారో శతాబ్దం నుంచి ఈ కుటుంబాల ఆదాయంలో విదేశీ సైన్యాల కొలువు పెద్ద భాగమైంది. యోహాన్ లుడ్‌విగ్ ఫాన్ ఎర్లాఖ్ ముప్పై ఏళ్ల యుద్ధంలో పేరు తెచ్చుకుని, బ్రైసాఖ్ కోటకు గవర్నరై, ఆ సంపాదనతో 1640లలో ఆర్గావ్‌లో కాస్టెల్న్ భవనం కట్టించాడు. పాత కోటల మందపాటి గోడల స్థానంలో కిటికీలున్న భవనాలు, తోటలు వచ్చాయి. బెర్న్‌ను పాలించే కుటుంబాల గుంపు మాత్రం తరతరానికీ చిన్నదవుతూ పోయింది. 1783లో పాలక హక్కున్న ప్రతి కుటుంబం పేరు ముందు ‘ఫాన్’ పెట్టుకోవచ్చని నగర కౌన్సిల్ తీర్మానించింది. ఒకప్పుడు కోటను, ఊరిని సూచించిన ఆ మాట ఒక తీర్మానంతో దొరికే స్థాయికి వచ్చింది. పదిహేనేళ్లకు, 1798లో, ఫ్రెంచ్ సైన్యం వచ్చి ఆ పాలననే కూల్చేసింది.

హాబ్స్‌బర్గ్‌లు 1474 ఒప్పందంలో ఆర్గావ్ మీద ఆశ వదులుకున్నారు. అయినా హాబ్స్‌బర్గ్ కౌంట్, కీబుర్గ్ కౌంట్ అనే బిరుదులను మాత్రం సామ్రాజ్యం కూలిన 1918 వరకూ తమ పెద్ద బిరుదుల జాబితాలో మోస్తూనే వచ్చారు. మధ్యలో 1740లో వాళ్ల మగ సంతతి కూడా ఆగిపోయింది. ఆ చివరి మగవాడు, చక్రవర్తి ఆరో చార్లెస్ 1713లోనే కూతుళ్లకు వారసత్వం దక్కేలా శాసనం రాసి, యూరప్ రాజులందరి చేత ఏళ్ల తరబడి ఒప్పించుకుంటూ వచ్చాడు. ఆయన పోయిన కొన్ని వారాలకే ప్రష్యా సేనలు సైలీషియాలో దిగాయి. కొడుకు లేని ఇంటి గుమ్మంలో పొరుగువాళ్లు దిగడం 1173లో ఎలా ఉందో అప్పుడూ అలాగే ఉంది, కాకపోతే ఈసారి దిగినవి లక్షల సైన్యాలు.

విల్డెగ్‌లో ఎఫింగర్లు 11 తరాలు ఉన్నారు. చివరి వారసురాలు యూలీ ఫాన్ ఎఫింగర్ 1912లో చనిపోతూ కోటను సామాను, తోటలతో సహా స్విస్ దేశానికి రాసిచ్చింది. హాల్విల్ వాళ్లు ఇంకో పద్ధతి పట్టుకున్నారు. ఆ ఇంటి స్వీడన్ కోడలు విల్‌హెల్మీనా 1910 నుంచి 1916 వరకు కోట చుట్టూ తవ్వకాలు, మరమ్మతులు చేయించింది. 1925లో కుటుంబం కోటను ఒక ట్రస్టు కిందికి మార్చింది. 1994లో అది ఆర్గావ్ ప్రభుత్వం చేతికి వచ్చింది. పెద్ద కౌంట్ల కాలంలో ఇలాంటి చట్టపరమైన సాధనం ఉండి ఉంటే లెంట్స్‌బుర్గ్, కీబుర్గ్ ఆస్తుల చుట్టూ జరిగిన యుద్ధాల్లో కొన్నయినా తప్పేవి. అప్పట్లో ఆస్తిని చీలకుండా, చావకుండా నిలబెట్టే ట్రస్టు లాంటి ఏర్పాటు ఒక్క మఠానికే ఉండేది. ఆ మఠాలకే అన్ని వంశాల భూములూ కొంతకొంత చేరుతూ వచ్చాయి.